కోత ఎక్కడ పడాలో మీరే చెప్పండి

గ్యాస్ బండ మీద యాభై రూపాయలు పెరిగిందని రాత్రి వార్తల్లో చెబుతారు. మర్నాడు పొద్దున ఇంట్లో ఏమీ మారదు. కాఫీ వేళకే వస్తుంది, పిల్లల బాక్సులు వేళకే సర్దుతారు. మార్పు కనబడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. అది కూడా పొయ్యి దగ్గర కనబడదు. రోజూ వచ్చే రెండు పాల ప్యాకెట్లలో ఒకటి ఆగిపోతుంది. డజను అరటిపళ్లు అరడజనవుతాయి. అత్తగారు బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటారు, ఆ సంగతి ఎవరికీ చెప్పరు. మిట్టమధ్యాహ్నం మామగారు ఫ్యాన్ కట్టేసి వరండాలోకి కుర్చీ లాక్కుంటారు. "ఇక్కడ గాలి బాగానే ఉందమ్మా" అంటారు.

ఇంధనం ధర పెరిగినప్పుడు చాలా ఇళ్లలో జరిగేది ఇదే. ధర ఒకచోట పెరుగుతుంది, కోత ఇంకోచోట పడుతుంది. స్కూలు ఫీజు ఆలస్యమైతే ఫోన్ వస్తుంది. ఈఎంఐ తప్పితే ఫోన్ వస్తుంది. రీచార్జి అయిపోతే ఇంట్లో పిల్లలు గోల చేస్తారు. పళ్లు తగ్గితే ఎవరూ అడగరు. అందుకే కోత అడిగేవాళ్లు లేని వైపుకే జారుతుంది. ఎవరూ కావాలని చేయరు, ఎవరూ నిర్ణయించరు. నిర్ణయించకపోవడం వల్లే అలా జరుగుతుంది.

ధర మన చేతిలో లేదు. కోత ఎక్కడ పడాలన్నది మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది. ఆ నిర్ణయాన్ని ఇంట్లో అందరూ కూర్చుని, అంకెలు ముందు పెట్టుకుని, పైకి మాట్లాడుకుని తీసుకోండి. నేను ఇక్కడ చెప్పేదంతా ఆ ఒక్క పని ఎలా చేయాలన్నదే.

ముందు తప్పు ఎవరిదన్న గొడవ ముగించాలి. ఖర్చు పెరగ్గానే ఇంట్లో మొదటి వేలు వంటింటి వైపు చూపిస్తుంది. అది అన్యాయం. మన దేశం వాడే వంటగ్యాస్‌లో సుమారు అరవై శాతం విదేశాల నుంచి వస్తుంది. దాని ధరకు సౌదీ అరేబియా కంపెనీ నెలనెలా ప్రకటించే రేటే ఆధారం. ఆ రేటు 2020-21లో సగటున టన్నుకు 415 డాలర్లు. 2022-23కి అది 712 డాలర్లయింది. హైదరాబాద్‌లో 14.2 కిలోల బండ 2023 మార్చిలో 1,155 రూపాయలకు చేరడం, ఆగస్టు చివర్లో 955కి దిగడం, 2024 మార్చిలో 855కి తగ్గడం, 2025 ఏప్రిల్‌లో మళ్లీ 905కి ఎక్కడం... వీటిలో ఏ ఒక్కదానికీ మీ ఇంటి ఇల్లాలు కారణం కాదు. పెట్రోలూ అంతే. 2022 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో లీటరు 119 రూపాయలు దాటింది, మే నెలలో ఎక్సైజ్ సుంకం తగ్గించాక దాదాపు పది రూపాయలు దిగింది. ఆ మధ్యలో ఎవరూ బండి ఎక్కువగా తిప్పలేదు, తక్కువగానూ తిప్పలేదు.

ఈ మాట ఇంట్లో పైకి అనాలి. ఎందుకంటే నిందలో మొదలైన సంభాషణ లెక్క దాకా రాదు. ఎలా పోతుందో మీకు తెలుసు.

"ఏమండీ, ఈసారి బండ నెల కూడా సరిగ్గా రాలేదు."

"నువ్వు కాస్త చూసుకుని వాడాలి మరి."

"చూసుకోకుండానే ఇన్నేళ్లూ ఇల్లు నడిపానా?"

అయిపోయింది. ఇక ఆ వారం గ్యాస్ మాట ఎవరూ ఎత్తరు. అదే విషయాన్ని ఇలా మొదలుపెట్టి చూడండి. "ఏమండీ, కిందటి బండ నలభై రెండు రోజులు వచ్చింది. ఇది ముప్పై మూడుకే అయిపోయింది. ఏం మారిందో ఓసారి చూద్దాం రండి." ఇందులో నేరం లేదు, ప్రశ్న ఉంది. ప్రశ్నకు ఇద్దరూ కలిసి జవాబు వెతకొచ్చు. చుట్టాలు వారం ఉన్నారు, పిల్లలకు సెలవులు, స్నానాలకు నీళ్లు పొయ్యి మీదే కాచారు. మూడు కారణాలు బయటపడతాయి. వాటిలో ఒకటి మాత్రమే ప్రతి నెలా ఉండేది. బండ మార్చిన తేదీని క్యాలెండర్ మీద రాసుకునే అలవాటు మన అమ్మలకు ఎప్పటి నుంచో ఉంది. ఆ రాత లేకపోతే ఈ సంభాషణే లేదు. దాన్ని మళ్లీ మొదలుపెట్టండి.

రెండోది, భయానికి అంకె పెట్టండి. ధరలు పెరిగిపోతున్నాయని అనుకుంటూ ఉంటే గుండె బరువెక్కుతుంది గానీ దారి దొరకదు. 2023-24లో కేంద్రం జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో సగటు కుటుంబం ఖర్చులో వంటచెరకు, గ్యాస్, కరెంటు కలిపి ఆరు శాతం దగ్గర ఉంది. రాకపోకలకు పల్లెల్లో ఏడున్నర, పట్టణాల్లో ఎనిమిదిన్నర శాతం దాకా పోతుంది. రెండూ కలిపితే రమారమి పద్నాలుగు శాతం. నెలకు పాతిక వేలు ఖర్చయ్యే ఇల్లు అనుకుందాం. అందులో ఇది మూడున్నర వేలు. మొత్తం మీద పదిహేను శాతం పెరిగిందంటే భారం ఐదు వందల పాతిక. అది చిన్న మొత్తం అనను, దానికోసం ఆలోచించనక్కర్లేని ఇల్లు అదృష్టవంతమైనదే. కానీ ఐదు వందల పాతిక అని తెలిశాక మన పని స్పష్టమవుతుంది. ఆ ఐదు వందల పాతికను ఇంధనం లోపలే వెతకాలి. పాలలో, పళ్లలో, మాత్రల్లో వెతకకూడదు. అక్కడ తీయడం సులువు కాబట్టే మనం అటు వెళ్తాం.

ఈ అంకె అక్కడే ఆగదన్నది కూడా గుర్తుంచుకోండి. స్కూలు వ్యాన్ వాళ్లు జూన్‌లో పెంచుతారు. టిఫిన్ సెంటర్‌లో ప్లేటు ఇడ్లీ మీద ఐదు రూపాయలు ఎక్కుతాయి, వాళ్ల 19 కిలోల బండ ధర చాలా నెలలు ఒకటో తారీఖున మారుతూనే ఉంటుంది మరి. కూరగాయల లారీ డీజిల్ మీదే వస్తుంది. అందుకే మొదటి నెలలో దొరికిన పొదుపును పూర్తిగా ఖర్చు పెట్టేయకండి, వెనక వచ్చే వాటికి కొంత ఉంచండి.

ఇప్పుడు మీటరు దగ్గరకు రండి. నిజంగానే రండి, పిల్లల్ని కూడా తీసుకుని. డిజిటల్ మీటరు మీద చిన్న ఎర్ర దీపం మెరుస్తూ ఉంటుంది. పక్కనే ఒక అంకె అచ్చయి ఉంటుంది. చాలా మీటర్ల మీద అది 3,200. అంటే ఆ దీపం మూడు వేల రెండు వందల సార్లు మెరిస్తే ఒక యూనిట్. ఇంట్లో అన్నీ కట్టేసి, ఒక్క తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు వేయండి. దీపం రెండు నిమిషాలకు ఒకసారి మెరుస్తుంది. పాత ఫ్యాన్ వేయండి, పదిహేను సెకన్లకు ఒకసారి. ఇప్పుడు గీజర్ వేయమనండి. సెకనుకు దాదాపు రెండుసార్లు టకటకా కొట్టుకుంటుంది. పిల్లవాడు లెక్కపెట్టలేక నవ్వుతాడు. ఆ పది నిమిషాల్లో వాడికి తెలిసినంత, లైట్లు ఆపమని మీరు ఏడాది పొడుగునా అరిచినా తెలియదు. ఇంట్లో సగం గొడవలు బల్బుల మీద జరుగుతాయి, సగం బిల్లు గీజరు, ఏసీ, ఫ్యాన్ల మీద వస్తుంది. తగవు పెట్టుకునే చోటు తప్పు అన్నమాట.

తర్వాత బిల్లు తిప్పి స్లాబు చూడండి. తెలంగాణలో ఈ స్లాబు సంగతి తెలియకపోతే ఎంత పోతుందో చెబుతాను. నెలకు వంద యూనిట్లు దాటి రెండు వందల లోపు వాడే ఇంటికి మొదటి వందకు యూనిట్ 3.40, తర్వాతి వందకు 4.80. సరిగ్గా 200 యూనిట్లు కాల్చితే విద్యుత్ చార్జీ 820 రూపాయలు. 201 కాల్చారనుకోండి. అప్పుడు మీరు వేరే గ్రూపులోకి పోతారు. ఆ గ్రూపులో మొదటి రెండు వందలకూ 5.10, ఆపైన 7.70. చార్జీ 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల ఏడు రూపాయలు దాటింది. వంద దగ్గరా ఇలాంటిదే ఒక గట్టు ఉంది. 100 యూనిట్లకు 252.50, 101కి 344.80. గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇళ్లకైతే రెండు వందలు దాటడమంటే ఆ నెల బిల్లంతా కట్టుకోవడమే.

ఉప్పల్ వైపు నాకు తెలిసిన ఒక ఇంట్లో ఈ లెక్కను చేతల్లో చూశాను. భార్యాభర్తలు, ఆయన తల్లి, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి. రీడింగ్ తీసే తేదీ ఆ అమ్మాయి ఫ్రిజ్ మీద రాసి పెట్టింది. ఇరవై నాలుగో రోజుకు 168 యూనిట్లు, రోజుకు ఏడు చొప్పున. ఇంకా ఆరు రోజులున్నాయి. ఇలాగే పోతే 210కి వెళ్తుందని పిల్లే లెక్కగట్టి చెప్పింది. "నాన్నా, రోజుకు ఐదు వాడితే 198" అంది. వాళ్లది ఏసీ లేని ఇల్లు, ఏం తగ్గించాలి? ఇస్త్రీ వచ్చే వారానికి వాయిదా వేశారు. వాషింగ్ మెషీన్‌లో వేడినీళ్ల బటన్ ఆపేశారు. గీజర్ స్విచ్ పది నిమిషాలకు మించి వేయలేదు. ఆరు రోజులూ అందరూ రాత్రి రెండు గదుల్లోనే పడుకున్నారు. మూడో గది ఫ్యాన్, దాని బల్బు, ఫోన్ చార్జరు అన్నీ ఆగిపోయాయి. నాయనమ్మ ఫ్యాన్ జోలికి మాత్రం ఎవరూ వెళ్లలేదు. అది ముందే అనుకున్న మాట. 197 దగ్గర ఆగింది. 210కి 1,097 రూపాయలు, 197కి 805. దాదాపు మూడు వందలు మిగిలాయి. వాళ్లు ఏమీ వదులుకోలేదు, కొన్ని పనుల్ని ఆరు రోజులు వాయిదా వేశారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి గ్రూపులు తీసేశారు కాబట్టి ఇలాంటి గట్టు లేదు, మెట్లున్నాయి. 126 నుంచి 225 దాకా యూనిట్‌కు ఆరు రూపాయలు, ఆపైన 400 దాకా 8.75. మీ ఇల్లు ఏ మెట్టు మీద నిలబడి ఉందో తెలిస్తే చివర్లో తగ్గించే ప్రతి యూనిట్ విలువ తెలుస్తుంది. పైగా అక్కడి బిల్లుల్లో ట్రూ అప్, ఇంధన సర్దుబాటు పేరుతో ఎప్పుడో వాడిన కరెంటుకు ఇప్పుడు వసూలు చేసే మొత్తాలు చేరుతుంటాయి. బిల్లు పెరిగిందంటే ఈ నెల మీరు ఎక్కువ వాడారని కాదు. ముందు యూనిట్లు చూడండి, తర్వాత రూపాయలు చూడండి. యూనిట్లు నిలకడగా ఉంటే మీ ఇల్లు బాగానే నడుస్తోంది. ఆ మాట ఇంట్లో వాళ్లకు చెప్పండి, ఊరట కూడా ఒక హక్కే.

ఏది మార్చాలి అని అడిగితే నేను మొదట ఫ్యాన్ అంటాను. మన ఎండలకు ఫ్యాన్ ఆపడం కుదరదు, కానీ మార్చడం కుదురుతుంది. పాత సీలింగ్ ఫ్యాన్ డెబ్బై ఐదు వాట్లు తాగుతుంది. బీఎల్‌డీసీ అనే కొత్త రకం ఫ్యాన్‌కు ముప్పై చాలు. రోజుకు పదిహేను గంటలు తిరిగేది అయితే నెలకు ఇరవై యూనిట్లు మిగులుతాయి. మూడు ఫ్యాన్లు మారిస్తే అరవై. పై స్లాబులో ఉన్న ఇంటికి ఒక్కో ఫ్యాన్ ఏడాదిన్నరలో తన ధర తాను రాబట్టుకుంటుంది, కింది స్లాబు వాళ్లకు రెండేళ్లు దాటుతుంది. మూడూ ఒకేసారి కొననక్కర్లేదు. ఎక్కువసేపు తిరిగేది ఏదో దానితో మొదలుపెట్టండి, సాధారణంగా అది హాల్లోది. దాని పొదుపుతో రెండోది కొనండి.

ఏసీ ఉన్న ఇంట్లో ఒక డిగ్రీ పెంచితే కరెంటు సుమారు ఆరు శాతం తగ్గుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ లెక్క. 2020 నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీలతోనే మొదలవ్వాలని నియమం కూడా పెట్టారు. ఇరవైలో పెట్టి దుప్పటి కప్పుకునే ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. ఇరవై ఆరులో పెట్టి ఫ్యాన్ నిదానంగా వేసుకోండి, వారంలో ఒళ్లు అలవాటు పడుతుంది. సెట్‌టాప్ బాక్స్‌ను రిమోట్‌తో ఆపితే ఆగినట్టు కాదు, పది వాట్లు పీలుస్తూనే ఉంటుంది. నెలకు ఏడు యూనిట్లు. గోడ దగ్గర స్విచ్ కట్టేయండి. నీళ్ల మోటారు వేసి మరిచిపోవడం ఇంకో పెద్ద చిల్లు. ట్యాంకు నిండి మేడ మీంచి కారే నీళ్లతో కరెంటు కూడా కారుతోంది.

వంటింటి విషయంలో నేను కొత్తగా నేర్పేది తక్కువ. కందిపప్పు గంట ముందు నానబెట్టడం, పాలు ఫ్రిజ్‌లోంచి ముందే తీసి బయట పెట్టడం, కుక్కర్ మొదటి కూత రాగానే మంట సిమ్‌లో పెట్టడం, గిన్నె మీద మూత, గిన్నె అడుగు దాటి మంట పక్కలకు పోకుండా చూసుకోవడం. ఇవన్నీ ఇల్లు నడిపే ఆడవాళ్లకు తెలుసు. మంట పసుపుపచ్చగా వస్తుంటే బర్నర్ మూసుకుపోతోందని అర్థం, తీసి కడిగి ఆరబెట్టండి. తెలిసినా చేయలేకపోవడానికి కారణం ఒకటే, పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఒక్క మనిషి మీద నాలుగు పనులు పడతాయి. ఇద్దరు పంచుకునే వంటింట్లో గ్యాస్ తక్కువ కాలుతుంది. ఒకరు కూరలు తరిగి పెట్టాక ఇంకొకరు పొయ్యి వెలిగిస్తారు కాబట్టి. మగవాళ్లు పొదుపు గురించి మాట్లాడేముందు ముందురోజు రాత్రి కత్తిపీట ముందు కూర్చుంటే ఆ మాటకు బలం వస్తుంది. బండ దించేటప్పుడు తూకం వేయించుకోవడం మీ హక్కు. ఖాళీ బండ బరువు దాని మెడ దగ్గర రాసి ఉంటుంది, దానికి 14.2 కలపండి.

ఇండక్షన్ పొయ్యి కొనాలా అని చాలామంది అడుగుతున్నారు. దీనికి అందరికీ ఒకటే జవాబు లేదు, మీ స్లాబు చెబుతుంది. ఒక బండలో ఉన్న వేడిని కరెంటు లెక్కలోకి మారిస్తే సుమారు 180 యూనిట్లు. మామూలు పొయ్యి మీద అందులో అరవై శాతం గిన్నెకు చేరుతుందనుకుందాం, ఇండక్షన్ మీద ఎనభై ఐదు. అంటే ఒక బండ చేసే వంటకు ఇండక్షన్ మీద నూట పాతిక పైచిలుకు యూనిట్లు కావాలి. బండ 905 రూపాయలైతే యూనిట్ ఏడు రూపాయల దగ్గర రెండూ సమానం. మీ చివరి యూనిట్ ధర ఏడు లోపు ఉంటే ఇండక్షన్ చవక, దాటితే గ్యాసే చవక. ఆంధ్రప్రదేశ్‌లో 225 లోపు ఇంటికి ఇండక్షన్ కొంచెం మేలు, ఆపైన నష్టం. తెలంగాణలో రెండు వందల దగ్గర ఉన్న ఇల్లు ఇండక్షన్ తెచ్చుకుంటే గ్యాస్‌లో మిగిలింది కరెంటులో పోతుంది. సబ్సిడీతో ఐదు వందలకే బండ వచ్చే ఇంటికి ఈ ఆలోచనే అక్కర్లేదు. పక్కింటివాళ్లు కొన్నారని కొనకండి, వాళ్ల స్లాబు మీది కాదు.

సొంత ఇల్లు, మేడ మీద ఎండ, పెద్ద బిల్లు మూడూ ఉన్నవాళ్లు సౌర ఫలకాల సంగతి ఆలోచించాలి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. ఒక కిలోవాటు రోజుకు నాలుగు యూనిట్ల వరకు ఇస్తుంది. అద్దెకున్నవాళ్లకు ఈ దారి లేదు. వాళ్లు చేయగలిగింది, ఇంటి యజమాని సబ్‌మీటరు మీద యూనిట్‌కు ఇంతని తీసుకుంటుంటే మర్యాదగా అసలు బిల్లు చూపించమని అడగడం. "బాబాయిగారూ, ఈ నెల బిల్లు ఒకసారి ఇస్తారా, యూనిట్లు చూసుకుంటాం" అంటే చాలు. అడగడానికి మొహమాటపడి ఏళ్ల తరబడి ఎక్కువ కట్టేవాళ్లున్నారు.

పెట్రోలు దగ్గర లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. రోజుకు ఇరవై కిలోమీటర్లు, నెలకు ఇరవై ఆరు రోజులు, లీటరుకు నలభై ఐదు ఇచ్చే బండి. పదకొండున్నర లీటర్లు, లీటరు 107 అనుకుంటే పన్నెండు వందల పైమాట. వారంలో రెండు రోజులు బస్సులోనో మెట్రోలోనో వెళ్తే పెట్రోల్లో నాలుగు వందలు తగ్గుతాయి, టికెట్ డబ్బు అందులోంచి తీసేయండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు చాలా ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అయినా భార్యను ఆఫీసులో దింపడానికి ఎదురు దిక్కున ఆరు కిలోమీటర్లు బండి తిప్పే భర్తలున్నారు. ప్రేమతోనే చేస్తారు. కానీ ఆమెకు బస్సే సుఖమేమో ఒక్కసారి అడగండి. ఇక మార్కెట్టుకు ఒకసారి, మందుల షాపుకు ఒకసారి, మరిచిపోయిన కొత్తిమీర కోసం ఇంకోసారి వెళ్లే అలవాటు మానాలి. ఇంటి గుమ్మం దగ్గర ఒక కాగితం వేలాడదీయండి. ఎవరు బయటికి వెళ్లినా అది చూసి వెళ్లాలి.

ఇంత చెప్పాక, చేయకూడని పొదుపు గురించి గట్టిగా చెప్పాలి. ఎండాకాలం ముసలివాళ్ల ఫ్యాన్ ఆపొద్దు, ఆపుకోనివ్వొద్దు. 2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఒక ఫ్యాన్ పగలంతా తిరిగినా ఒక యూనిట్ కాదు. మామగారు వరండాలోకి వెళ్లి కూర్చుంటే అది ఆయన ఇష్టం అనుకోకండి, బిల్లు గురించి ఆయన విన్న మాట ఏదో ఆయన్ని అక్కడికి పంపింది. వెళ్లి ఫ్యాన్ వేసి, "మామయ్యా, ఇది మన లెక్కలో ముందే తీసి పక్కన పెట్టాం" అని చెప్పండి. మాత్రలూ అంతే, చదువుకునే పిల్లల లైటూ అంతే. వీటిని కోతకు అందని జాబితాగా మొదటి రోజే కాగితం మీద రాయండి. ఏం తగ్గించాలన్న మాట దాని తర్వాతే మొదలవ్వాలి.

కట్టెల పొయ్యికి తిరిగి వెళ్లడం కూడా ఈ కోవలోదే. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్వల వచ్చింది ఆడవాళ్లను పొగ నుంచి బయటపడేయడానికే. అయినా ఉజ్వల కనెక్షన్ ఉన్న ఇళ్లు ఏడాదికి సగటున నాలుగైదు బండలు దాటడం లేదు. మిగతా వంట ఎక్కడ జరుగుతోందో అందరికీ తెలుసు. డబ్బు మిగిలినట్టు కనిపిస్తుంది, ఆ మిగులు ఆమె కళ్లలోంచి, ఊపిరితిత్తుల్లోంచి వచ్చింది. ఆరుబయట నీళ్లు కాచుకుంటే సరే గానీ, గాలాడని గదిలో కట్టెలు పెట్టి వంట చేయించడాన్ని పొదుపు అనడానికి నేను ఒప్పుకోను.

ఇంట్లో కూర్చునే ఆ సమావేశానికి ఒక్క నియమం పెట్టుకోండి. ఏదైనా తగ్గిద్దామని చెప్పేవాళ్లు ముందు తమ వాటా నుంచి ఒకటి చెప్పాలి. నాన్న సిగరెట్ గురించో, వారానికి రెండుసార్లు బయట తాగే కాఫీ గురించో ముందు మాట్లాడితే, అబ్బాయి గేమింగ్ గంటల గురించి వాడే మాట్లాడతాడు. పెద్దవాళ్లు నిర్ణయించి పిల్లల మీద వేస్తే అది శిక్ష అవుతుంది. పిల్లలు మీటరు చూసి లెక్క చెబితే వాళ్ల పని అవుతుంది. చుట్టాల ముందు పరువు అన్నది కూడా ఈ రోజే తేల్చుకోండి. అతిథి వచ్చాడని ఏసీ వేయడం తప్పు కాదు, కానీ దానికి నెలకు ఇంతని ముందే కేటాయించుకుంటే వచ్చినవాళ్లను చూసి ముఖం చిన్నబోదు.

మిగిలిన డబ్బుకు వెంటనే పేరు పెట్టండి. పేరు లేని పొదుపు వారం నిలవదు. ఆంధ్రప్రదేశ్‌లో దీపం-2 కింద ఏడాదికి మూడు బండల డబ్బు ఖాతాలోకి తిరిగి వస్తుంది. తెలంగాణలో మహాలక్ష్మి రాయితీ కూడా ఖాతాలోనే పడుతుంది. మెసేజ్ వస్తుంది, సంతోషిస్తాం, ఆ వారంలో ఏదో ఆన్‌లైన్ ఆర్డర్‌లో కరిగిపోతుంది. దాన్ని పడిన రోజే పక్కకు తీయండి. మొదటి మూడు వందలతో ఆగిపోయిన పాల ప్యాకెట్‌ను వెనక్కి తెప్పించండి. రెండో నెల పళ్లు. ఆ తర్వాతే ఫ్యాన్, ఆ తర్వాతే ఇంకేదైనా.

మీ ఇంట్లో పనిచేసే ఆమె కూడా ఇదే బండ కొంటుంది. ఆమె ఖర్చులో ఇంధనం వాటా మీ ఇంటి వాటాకంటే ఎక్కువ, తగ్గించుకోవడానికి ఆమె దగ్గర ఏసీ లేదు, గీజర్ లేదు. ఈ ఏడాది జీతం పెంచేటప్పుడు గ్యాస్ ధర లెక్కలోకి తీసుకోండి. ఇంకొకటి, రాయితీ ఆమెకు నిజంగా వస్తోందో లేదో అడగండి. ఈ-కేవైసీ కాకపోవడం వల్లో, ఆధార్ వేరే ఖాతాకు లింకై ఉండటం వల్లో ఆగిపోయిన ఇళ్లు ఉంటాయి. ఆమె గ్యాస్ పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్ ఓ ఆదివారం తెమ్మనండి. మీ ఫోన్లో గ్యాస్ కంపెనీ యాప్ తెరిచి కూర్చోండి, అరగంటలో తేలిపోతుంది. అందులో తేలకపోతే ఏజెన్సీకి ఆమెతో పాటు మీరూ వెళ్లండి, పక్కన ఒకరుంటే కౌంటర్ దగ్గర సమాధానం త్వరగా వస్తుంది.